పది ఇళ్లు, ఒకే పంటపట్టిక: కాలనీలో పర్మాకల్చర్ పెరళ్లు పెంచుకుని పంట పంచుకోవడం ఎలా?

చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "మా వీధిలో అందరం పెరట్లో ఏదో ఒకటి వేస్తున్నాం. ఆగస్టు వస్తే ప్రతి ఇంట్లోనూ బీరకాయలే. మిగతా నెలల్లో అందరం బజారుకే. పంచుకోవడం ఎలా?"

పంపకం కోసే రోజున మొదలవ్వదు. విత్తే రోజునే మొదలవ్వాలి. తొలకరికి అందరూ ఒకే గింజ నాటితే, అందరింట్లోనూ ఒకే కాయ కాస్తుంది. అప్పుడు ఇచ్చేవాళ్లే తప్ప పుచ్చుకునేవాళ్లు ఉండరు. పర్మాకల్చర్ అంటే ప్రకృతి తీరును చూసి, ఎండ, నీరు, నేల, మనుషులకు తగ్గట్టు ముందే ఆలోచించి తోట వేసుకునే పద్ధతి. అందుకే ఈ మార్గదర్శి గునపంతో కాకుండా కాగితంతో మొదలవుతుంది.

ఇది ఆరు నుంచి పది ఇళ్ల జట్టుకు సరిపోతుంది. ఒక్కో ఇంటికి 20 నుంచి 60 గజాల పెరడు గానీ, డాబా మీద కొంత చోటు గానీ ఉంటే చాలు. పది ఇళ్లు దాటితే ఒకే జట్టుగా సాగదు, రెండుగా విడిపోవడం మేలు.

1. ముందు ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాల్సినవి

రెండు సాయంత్రాలు కేటాయించండి. ప్రతి ఇంటికీ ఒక పేజీ ఉండాలి.

- ఎండ: ఉదయం 8, మధ్యాహ్నం 12, సాయంత్రం 4 గంటలకు ఎండ ఎక్కడ పడుతోందో చూడండి. కాయగూరలకు రోజుకు 6 గంటల ఎండ కావాలి. ఆకుకూరలకు 3, 4 గంటలు చాలు.
- నీరు: మే నెలలో కుళాయి ఎన్ని రోజులకోసారి వస్తుంది? బోరు ఎండుతుందా?
- నేల: అడుగు లోతు గుంత తీసి చూడండి.
- మనుషులు: ఊరెళ్తే నీళ్లు పోసేదెవరు? వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు?
- తినని కూరలు: ఇది తప్పకుండా రాయండి. కాకరకాయ ముట్టని ఇంట్లో కాకర పాదు వేసి ఉపయోగం లేదు.

ఎండ చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు. జూన్‌లో ఎండ పడే ఉత్తరపు పెరడు డిసెంబరులో రోజంతా ఇంటి నీడలోనే ఉండిపోవచ్చు.

తీసిన గుంతలో బకెట్ నీళ్లు పోయండి. మర్నాటికి కూడా ఇంకకపోతే అక్కడ ముప్పావు అడుగు ఎత్తు మడి కట్టాలి. ఇటుక ముక్కలు, సిమెంటు, పాత రంగు పెచ్చులు బయటపడితే ఆ మట్టిలో ఆకుకూరలు వేయొద్దు. బయటి మట్టి తెచ్చి ఎత్తు మడి కట్టుకోండి.

డాబా మీద పెంచేవాళ్లు బరువు లెక్క చూసుకోవాలి. తడిసిన మట్టి అడుగు మందాన చదరపు మీటరుకు 450 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే మామూలు డాబాను చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకే లెక్కగడతారు. అందుకని స్లాబు మొత్తం మట్టి పరిస్తే ప్రమాదం. గోడలు, దూలాల మీదుగానే కుండీలు, గ్రోబ్యాగులు వరుసగా పెట్టండి. మధ్య భాగాన్ని ఖాళీగా వదిలేయండి.

2. పంటపట్టిక

పంటల్ని రెండు రకాలుగా విడదీయండి.

ఇంటింటి పంటలు: కరివేపాకు, కొత్తిమీర, పుదీనా, రెండు మిరప మొక్కలు, ఒక ఆకుకూర మడి. పొయ్యి మీద పోపు పెట్టి, పరుగున వెళ్లి తుంచుకొచ్చేవి ఇవి. వీటిని వంటింటి తలుపుకు పది అడుగుల లోపే వేయండి. పర్మాకల్చర్‌లో ఒకటో జోన్ అంటే ఇదే. రోజూ కాలు పడే చోట రోజూ కావాల్సిన మొక్క ఉండాలి.

వంతు పంటలు: బీర, సొర, కాకర, దొండ, చిక్కుడు, వంగ, బెండ, మునగ, బొప్పాయి, అరటి. ఇవి అందరికీ అక్కర్లేదు. ఒకరో ఇద్దరో పెంచితే పది ఇళ్లకూ సరిపోతాయి.

లెక్క ఎలా వేయాలో బీరతో చూద్దాం. ఇంటికి వారానికి అర కిలో అనుకుంటే పది ఇళ్లకు 5 కిలోలు, అంటే ఇంచుమించు 20 నుంచి 25 కాయలు. జోరుగా కాసే తీగ వారానికి రెండు మూడు కాయలిస్తుంది. కాబట్టి 8 నుంచి 10 తీగలు చాలు. ఆ తీగల్ని రెండిళ్లకు పంచి, రెండో ఇంట్లో మూడు వారాలు ఆలస్యంగా విత్తండి. కాపు నెల రోజుల్లో అయిపోకుండా రెండు నెలలు సాగుతుంది. బెండకూ ఇదే పద్ధతి: రెండిళ్లలో చెరో 30 మొక్కలు, మధ్య మూడు వారాల తేడా.

మిగతావి పది ఇళ్లకు: మునగ 3 చెట్లు, దొండ 3 తీగలు, వంగ 20 మొక్కలు, సొర 4 తీగలు, బొప్పాయి 4, అరటి గుంతలు 2 (వీటి సంగతి మూడో భాగంలో).

ఏ నెలలో ఏది:

- జూన్, జూలై: బీర, సొర, కాకర, పొట్ల, చిక్కుడు, బెండ, గోంగూర, చేమ, పసుపు, దొండ కొమ్మలు.
- ఆగస్టు, సెప్టెంబరు: టమాటా, వంగ, మిరప నార్లు.
- అక్టోబరు, నవంబరు: పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్.
- జనవరి ఆఖరు, ఫిబ్రవరి: బెండ, దోస, సొర, గోరుచిక్కుడు, బచ్చలి, తోటకూర.

ఏప్రిల్, మే నెలల్లో చాలా పెరళ్లు ఎండిపోయి కనిపిస్తాయి. ఆ రెండు నెలలూ కూర దొరకాలంటే మునగాకు, బచ్చలి, తోటకూర, ఫిబ్రవరిలో వేసిన దోస మీదే ఆధారపడాలి. వీటికి ముందే చోటు కేటాయించండి.

3. నీళ్లు: వాన నీరు, వంటింటి నీరు

100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్ల నీళ్లు. ఆవిరై, పొర్లిపోయినవి తీసేసినా 800 లీటర్లు చేతికొస్తాయి. డాబా గొట్టాన్ని మురుగు కాలువలోకి కాకుండా పెరట్లోని వాలు మీదికి తిప్పి, వాలుకు అడ్డంగా అడుగు వెడల్పు, అడుగు లోతు కందకం తీయండి. అందులో ఎండుటాకులు నింపండి. నీళ్లు పారిపోకుండా అక్కడే ఇంకుతాయి. మొదటి వానకు వచ్చే దుమ్ము నీటిని మాత్రం బయటికి వదిలేయండి.

వంటింటి నీటికి అరటి గుంతను మించినది లేదు.

1. పునాదికి 6 అడుగులు, బోరుకు 50 అడుగులు తగ్గకుండా చోటు చూడండి.
2. 4 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతున గుండ్రంగా తవ్వండి. తీసిన మట్టిని చుట్టూ గట్టుగా పోయండి.
3. అడుగున లావుపాటి కొమ్మలు, వాటి మీద పుల్లలు, పైన ఎండుటాకులు వేయండి. గట్టు కన్నా అడుగు ఎత్తు దాకా నింపినా రెండు నెలల్లో దిగిపోతుంది.
4. గట్టు మీద నాలుగు అరటి పిలకలు సమదూరంలో నాటండి. సూదుల్లా సన్నటి ఆకులుండే సూది పిలకలే తీసుకోండి. వెడల్పాటి ఆకుల నీటి పిలకలు చూడ్డానికి బాగున్నా బలంగా ఎదగవు.
5. అరటి మొక్కల మధ్య చేమ దుంపలు, ఒక బొప్పాయి వేయండి.
6. సింకు గొట్టం చివర 20 లీటర్ల బకెట్‌లో కంకర, కొబ్బరి పీచు నింపి జిడ్డును వడకట్టండి. నెలకోసారి పీచు మార్చండి.
7. నీళ్లు ఆకుల కిందికి పడాలి. పైకి తేలి నిలిస్తే దోమలు చేరతాయి. అలా నిలుస్తున్నాయంటే గుంత చాలడం లేదని, రెండోది తవ్వాలని అర్థం.

ఒక్కో అరటి మొదట్లో ఒక తల్లి, ఒక పెద్ద పిలక, ఒక చిన్న పిలక ఉంచండి. మిగతావి కోసి గుంతలోనే వేయండి. బ్లీచింగ్ కలిసిన నీళ్లు, వాషింగ్ మెషీన్ నీళ్లు ఇందులోకి పంపొద్దు. వాటిలోని ఉప్పు నేలను బిగుసుకుపోయేలా చేస్తుంది.

4. మడి, ఎరువు

మడి వెడల్పు మూడున్నర అడుగులు దాటకూడదు. రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యకు అందాలి. ఒకసారి కట్టాక మడిలో కాలు పెట్టొద్దు. పొడవు పది అడుగులైతే తిరగడానికి వీలుగా ఉంటుంది. నడిచే బాట అడుగున్నర.

నేల పదునుగా ఉన్నప్పుడు అడుగు లోతు గుల్ల చేయండి. గుప్పెడు మట్టి పిసికి పట్టుకుంటే ముద్ద కట్టి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అదీ పదును. పైన రెండు అంగుళాల మందం బాగా చివికిన ఎరువు, పది అడుగుల మడికి కిలో వేపపిండి కలపండి. మొక్కలు జానెడు ఎదిగాక మూడు అంగుళాల ఎండుటాకులు పరవండి. మొదలుకు తగలకుండా రెండు అంగుళాలు ఎడం ఉంచండి.

ఆకులు పోగుచేసే పని కాలనీ అంతా కలిసి చేసుకోవచ్చు. డిసెంబరు నుంచి మార్చి దాకా వీధుల్లో రాలే ఆకును కాల్చనివ్వకుండా గోనెసంచుల్లో నింపి పెట్టండి. కంపోస్టుకు ఒక బకెట్ వంటింటి చెత్తకు రెండు మూడు బకెట్ల ఎండుటాకులు కావాలి. వాసన వస్తోందంటే ఆకు తక్కువైంది. ఎన్నాళ్లైనా చివకడం లేదంటే తడి తక్కువైంది.

జీవామృతం (ఆవు పేడతో చేసే ద్రవ ఎరువు) ఇంటి కొలతలో: 20 లీటర్ల నీళ్లు, కిలో ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, చెట్టు కింది మట్టి ఒక గుప్పెడు. నీడలో ఉంచి రోజుకు రెండు పూటలా కర్రతో కలపాలి. 48 గంటలకు తయారవుతుంది. వారంలోపు వాడేయాలి. ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి మొక్క మొదట్లో పోయండి. ఒక ఇంట్లో చేసి పది ఇళ్లకు పంచుకుంటే పని తగ్గుతుంది.

5. విత్తేటప్పుడు తప్పక చూడాల్సినవి

- బెండ, బీర గింజలు రాత్రంతా నానబెట్టండి. కాకర గింజ పెంకు గట్టిది కాబట్టి 24 గంటలు నాననివ్వండి.
- ధనియాలు అరచేత్తో నలిపి రెండుగా చీల్చి వేయండి. మొలకకు 8 నుంచి 12 రోజులు పడుతుంది. వారానికే మొలవలేదని తవ్వేయకండి.
- తోటకూర గింజను పదింతల ఇసుకతో కలిపి చల్లండి. పది అడుగుల మడికి ఒక చెంచా గింజ చాలు.
- దొండను గింజతో వేయొద్దు. మగ మొక్క వస్తే తీగ పందిరంతా కమ్మేస్తుంది గానీ కాయ కాయదు. కాస్తున్న తీగ నుంచి పెన్సిల్ లావు కొమ్మ, మూడు నాలుగు కణుపులతో కోసి నాటండి.
- బొప్పాయి గుంతకు మూడు మొక్కలు పెట్టండి. పూత చూశాక కాసే మొక్కను ఉంచి మిగతావి తీసేయండి.
- మునగ మూడు అడుగులు ఎదగగానే తల తుంచండి. లేకపోతే కాయ రెండో అంతస్తు ఎత్తులో ఉంటుంది, కోసేవాళ్లుండరు.
- ఆకుకూర మడిని మూడు పాయలు చేసి పది రోజులకో పాయ చొప్పున విత్తండి.

6. పంపకం రోజు

వారానికి ఒక్క రోజు పెట్టుకోండి. ఆదివారం ఉదయం చాలామందికి కుదురుతుంది. నెలకొకరు లెక్క చూడాలి.

*శనివారం సాయంత్రం:* ఏమేం కోతకొస్తాయో ప్రతి ఇల్లూ వాట్సాప్‌లో చెప్పాలి. "బీర 6, తోటకూర 4 కట్టలు" అంటే చాలు.

*ఆదివారం 6 నుంచి 7:* ఎండెక్కక ముందే కోత. తోటకూరను నేలకు నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోయండి, మళ్లీ చిగురిస్తుంది. పాలకూరకు చుట్టూ ఉన్న ముదురు ఆకులే తీయండి. గోంగూర కొనలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. వంకాయను ముచికతో, టమాటాను రంగు తిరగగానే కోయండి. ఆకుకూరలు కడగొద్దు. తడి గోనెసంచిలో చుడితే మధ్యాహ్నం దాకా వాడవు. కడిగి మూటగడితే గంటలోనే వేడెక్కి నల్లబడతాయి.

*7:15:* నీడలో చాప పరచి అన్నీ అక్కడ పోయాలి. పురుగు తొలిచినవి, నలిగినవి విడిగా ఒక గంపలో వేయండి. వాటిని ఈ రోజే వండుకునేవాళ్లు తీసుకుంటారు. వేలాడే తూకం ఒకటి ఉంటే చాలు.

*7:30:* ఎన్ని ఇళ్లో అన్ని కుప్పలు. ముందు ఆకుకూర కట్టలు, తరవాత బరువున్న కాయలు, ఆఖర్న చిన్నవి. వంద గ్రాముల తేడా పట్టించుకోవద్దు. కుప్పలు పెట్టినవారు తమ కుప్పను అందరికన్నా చివర తీసుకోవాలి. ఈ ఒక్క నియమం ఉంటే కుప్పలు వాటంతటవే సమానంగా వస్తాయి, ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. మొదట తీసుకునే ఇల్లు వారం వారం మారాలి.

ముక్కలు చేయలేని ఒక్క బొప్పాయి లాంటివి పేర్ల వరుసలో ఇంటికొకటి వెళ్లాలి. అరటి గెలను అత్తాలుగా విడదీసి పంచండి.

*8:30 లోపు:* రాలేనివాళ్ల సంచి వాళ్ల గేటుకు తగిలించాలి. ఊళ్లో లేని ఇంటి వంతు ఎవరికి పోవాలో ముందే అనుకోండి. వాచ్‌మన్ కుటుంబానికి అని చాలాచోట్ల పెట్టుకుంటారు, మంచి పద్ధతి.

నోటు పుస్తకంలో నాలుగే గడులు: తేదీ, ఇల్లు, తెచ్చినది, బరువు. ఎవరు ఎంత తెచ్చారో అంతే తీసుకెళ్లాలన్న లెక్కకు ఈ పుస్తకం వాడొద్దు. వచ్చే ఏడాది ఏది ఎక్కువ వేయాలో, ఏది తగ్గించాలో తేల్చుకోవడానికే ఇది. ఇచ్చిపుచ్చుకోవడం చేబదులులా ఉండాలి. ఈ వారం నీ వంగ, పై నెల నా చిక్కుడు. గ్రాములు లెక్కపెట్టిన జట్టులో ముందుగా మానేసేది ఎండ తక్కువున్న చిన్న పెరటివాళ్లే.

నేల లేనివాళ్లు, అద్దెకున్నవాళ్లు కూడా జట్టులో ఉండాలి. ఆకులు పోగుచేయడం, ఊరెళ్లినవాళ్ల మొక్కలకు నీళ్లు పోయడం, విత్తనాలు ఎండబెట్టడం. వారానికి రెండు గంటల పనికి ఒక పూర్తి కుప్ప. ఇది దానం కాదు, వాళ్ల వంతు.

ఒకే కూర ఇంటికి కిలో దాటి వస్తే పంచకుండా ఒరుగులు పెట్టండి. కాకర, వంకాయలను పలుచగా చక్రాల్లా కోసి, ఉప్పు కలిపిన మజ్జిగలో రాత్రంతా ఉంచి, మూడు నాలుగు ఎండలు పెట్టండి. విరిస్తే పుటుక్కుమనాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే, సీసాలో పెడితే బూజు పడుతుంది. పచ్చళ్లు గానీ ఒరుగులు గానీ బయటివాళ్లకు అమ్మడం మొదలుపెడితే ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. తమలో తాము పంచుకోవడం వేరు, అమ్మకం వేరు.

7. పంచే ముందు భద్రత

చేదు సొరకాయ సంగతి మొదట చెప్పాలి. సొర, బీర, దోసల్లో ఒక్కోసారి కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం మోతాదు మించుతుంది. అలాంటి కాయ తిన్నా, రసం తాగినా తీవ్రమైన వాంతులు, విరేచనాలు, రక్తస్రావం దాకా రావచ్చు. వండినా ఆ విషం పోదు. ప్రతి తీగ మొదటి కాయను పెంచినవారే కోసి చిన్న ముక్క నాలుకకు తాకించి చూడాలి. చేదుంటే ఉమ్మేసి, ఆ తీగ కాయలేవీ పంచకండి, విత్తనమూ తీయకండి. పుచ్చుకున్న ఇల్లు కూడా వండే ముందు అదే పరీక్ష చేయాలి.

- పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, కీరా మీద జీవామృతం చల్లొద్దు. వంటింటి నీళ్లు ఏ ఆకుకూరకూ పెట్టొద్దు.
- వేపనూనె చల్లిన మొక్క నుంచి నాలుగు రోజులు కోయొద్దు. చల్లిన తేదీ గ్రూపులో చెప్పాలి.
- చేమాకు ఇచ్చేటప్పుడు చింతపండు వేసి బాగా ఉడికించమని చెప్పండి. లేకపోతే గొంతు దురద.

8. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

*సొర, బీర పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి.* మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకు చేరడం లేదు. ఈ రెండు పూలూ సాయంత్రం విచ్చుకుంటాయి. అప్పుడే మగ పువ్వు తెంపి, కింద పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో అద్దండి. గుమ్మడి, కాకరలకు ఈ పని ఉదయం చేయాలి.

*కాయ వంకర పోయి లోపల పురుగులు.* పండు ఈగ. పిందె వేలెడు ఉన్నప్పుడే కాగితపు సంచి తొడగండి. రాలిన కాయల్ని మట్టిలో వదిలితే పురుగు అక్కడే ప్యూపాగా మారి మళ్లీ ఈగై లేస్తుంది. వాటిని ప్లాస్టిక్ కవర్లో బిగించి మూడు రోజులు ఎండలో పెట్టండి. ఒక్క ఇల్లు చేస్తే లాభం లేదు, వీధంతా చేయాలి.

*చిక్కుడు తీగ ఇల్లంతా అల్లుకుంది, పూత లేదు.* నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితే గానీ పూయదు. జనవరిలో వేస్తే మళ్లీ చలికాలం దాకా ఎదురుచూపే. జూన్, జూలైలోనే విత్తండి.

*బెండ ఆకుల ఈనెలు పసుపు పచ్చబడ్డాయి.* ఇది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దీనికి మందు లేదు. ఆ మొక్క పీకేయండి. పక్క మొక్కలకు లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా చల్లండి.

*ఒక ఇల్లు నెలన్నరగా ఏమీ తేవడం లేదు.* కుప్ప తగ్గించొద్దు. వెళ్లి చూడండి. సాధారణంగా ఎండ తక్కువ చోట కాయగూరలు వేసి ఉంటారు. నాలుగు గోంగూర మొక్కలు, ఒక బచ్చలి తీగ నాటి రండి. గోంగూరను పుంటికూర అనే ఇంటికైనా అదే మొక్క.

9. విత్తనాల డబ్బా

ప్రతి తీగలో మంచి కాయ ఒకదానికి కాపు మధ్యలోనే ఎర్ర గుడ్డ కట్టండి. లేకపోతే ఎవరో ఒకరు కూరకు కోసేస్తారు. బీర, సొరలను తీగ మీదే ఎండనిచ్చి, ఊపితే గింజలు గలగలమన్నాక తీయండి. టమాటా గుజ్జును రెండు రోజులు పులియబెట్టి కడగండి. హైబ్రిడ్ ప్యాకెట్ మొక్క నుంచి విత్తనం తీసి పంచొద్దు, తర్వాతి తరం ఏ రకంగా వస్తుందో చెప్పలేం.

నీడన ఎండబెట్టి, కాస్త బూడిద కలిపి గాజు సీసాలో పెట్టండి. సీసా మీద రకం, తీసిన నెల, ఏ ఇంటి తీగ అన్నవి రాయాలి. ఒకే రకం విత్తనాన్ని రెండిళ్లలో దాచండి. మే నెల ఆఖరి ఆదివారం సీసాలన్నీ చాప మీద పెట్టి, ఒక్కో రకం నుంచి పది గింజలు తడి గుడ్డలో కట్టి చూడండి. ఏడుకు తగ్గి మొలిస్తే ఆ సీసా గింజలు పాదుకు మూడు బదులు ఐదు వేయాలి. ఆ రోజే, ఆ చాప మీదే, నోటు పుస్తకం తెరిచి జూన్ పంటపట్టిక రాసుకోండి.